ఆరో తొట్టి

ద్రాక్షతోట చూడటానికి బయలుదేరిన ఆ బస్సులో మంచినీళ్ళ సీసా తెచ్చుకున్నది నేనొక్కదాన్నే. మిగతావాళ్ళంతా వైన్ రుచి చూడటానికి ఖాళీ కడుపుతో వచ్చారు. కొందరు ఖాళీ బుర్రతో కూడా వచ్చారు. పక్క సీటు పెద్దమనిషి ఊరు దాటకముందే, "ఆంటీ, మీరు తాగరా?" అని మూడుసార్లు అడిగాడు. నా నెరిసిన జుట్టుకూ అతని బట్టతలకూ మధ్య ఆంటీ అనేంత తేడా నాకు కనిపించలేదు. "డాక్టర్ వద్దన్నాడు బాబాయ్," అన్నాను. ఆ తర్వాత అతను దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూశాడు.

నేను వెళ్తున్నది ఒక చావు సంగతి చూడటానికి. క్రితం ఆదివారం ఆ తోట యజమాని, అందరూ పెద్దాయన అని పిలిచే మనిషి, తన తొట్ల గదిలోనే శవమై కనిపించాడు. ద్రాక్ష పులిసేటప్పుడు గ్యాస్ వస్తుంది. దానికి రంగు ఉండదు. ఫ్యాన్ తిరగకపోతే నేల మీద నుంచి మెల్లగా గది నిండుతుంది. ఆ రోజు ఫ్యాన్ ఆపేసి ఉంది. స్విచ్ గది బయట ఉంది, గడియ కూడా బయటే. శవాన్ని చూసినప్పుడు గడియ తీసే ఉంది గానీ, ఆయన పిడికిళ్ళు మాత్రం తలుపు బాది బాది కమిలిపోయి ఉన్నాయి. అంటే ఎవరో గడియ పెట్టారు, ఆయన పోయాక ప్రమాదంలా కనబడాలని మళ్ళీ తీశారు.

పోలీసులు అల్లుడిని పట్టుకున్నారు. నగరంలో చెప్పుల కొట్టు నడుపుకునే మనిషి. ఆ ఆదివారం పొద్దుటి బస్సులో వచ్చి, మామగారితో నలుగురిలో గొడవపడి, మధ్యాహ్నం బస్సులో తిరిగి వెళ్ళిపోయాడు. రేపు అతన్ని కోర్టులో హాజరుపరుస్తారు. అతని భార్య, అంటే పోయినాయన కూతురు, నా డిటెక్టివ్ ఆఫీసుకు వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"మా ఆయన చీమ కనబడితే పక్కకి తప్పుకునే మనిషి మేడమ్. నాన్న ఎలాగూ పోయాడు. ఉన్న ఒక్కడిని కూడా తీసుకెళ్ళిపోతే నేనేం కావాలి?"

ముప్పై ఏళ్ళు వేలిముద్రల విభాగంలో పనిచేసినదాన్ని. కన్నీళ్ళ మీద నాకు నమ్మకం తక్కువ. అయినా మొగుడి గురించి మాట్లాడేటప్పుడు ఆ అమ్మాయి గొంతులో నటన లేదు. ఆ రోజు తను ఇంట్లోనే ఉన్నానని, తోట ముఖం చూసి ఏడాది దాటిందని చెప్పింది. అతన్ని బయటికి తెస్తానని మాటిచ్చి కేసు తీసుకున్నాను.

గేటు దగ్గర బస్సు దిగగానే అందరికీ తలా ఒక గడ్డి టోపీ ఇచ్చారు. ఎండకి మంచిదే. కానీ టోపీ, నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నాక బట్టతల బాబాయ్ ఎవరో, అతని భార్య ఎవరో నాకు తెలియలేదు.

టోపీలు పంచింది ఆ ఇంటి కోడలు. వెడల్పు భుజాలు, పనిచేసిన చేతులు, కొలిచి పోసినట్టు నవ్వు. మామగారు పోయి వారం తిరక్కముందే టికెట్లు చింపుతోంది. అది నేను మొదట గమనించిన సంగతి, ఆమెకు వ్యతిరేకంగా.

తోట చూపించి, అందరినీ తొట్ల గదికి తీసుకెళ్ళింది. ఇంటి వెనక, పల్లంలో, సగం నేలలోకి దిగినట్టు కట్టిన గది అది. ఇంటి దగ్గర పాటలు పెడితే ఇక్కడ గొంతు చించుకున్నా ఎవరికీ వినపడదు. పాటలు అప్పటికే మోగుతున్నాయి. లోపల ఛాతీ ఎత్తున ఐదు సిమెంటు తొట్లు. తొట్ల అంచు మీద నడవడానికి వెడల్పు చెక్క. గోడకి ఆనించి, చివర గుండ్రటి పలక బిగించిన పొడుగాటి కర్రలు.

"ద్రాక్ష పులిసేటప్పుడు తొక్కలన్నీ పైకి తేలి పొరలా గట్టిపడతాయి," అని కోడలు చెప్పింది. "దాన్ని రోజుకి మూడుసార్లు ఈ కర్రతో కిందికి ముంచాలి. ముంచకపోతే ఎండుతుంది, ఈగలు ముసురుతాయి, వైన్ కాస్తా వెనిగర్ అవుతుంది. ఎవరైనా ముంచి చూస్తారా?"

నేను చెయ్యెత్తాను. కర్ర దించి నొక్కితే పొర చెక్కు చెదరలేదు. ఒళ్ళంతా కర్ర మీద వేశాక గానీ పలక కిందికి దిగలేదు. జనం చప్పట్లు కొట్టారు. నాకు నడుము పట్టేసింది.

"ఇది ఎప్పుడు ముంచిందమ్మా?"

"పొద్దున."

"పొద్దున ముంచితే ఇప్పటికే ఇంత గట్టిపడిందా?"

"మధ్యాహ్నం కూడా ముంచకపోతే చీకటి పడేసరికి దీని మీద పిల్లి నడిచి వెళ్ళొచ్చు," అని నవ్వింది.

గుంపు వైన్ గ్లాసుల వైపు ఎగబడి వెళ్ళాక నేను వెనకబడ్డాను. "నన్ను మీ ఆడపడుచు పంపింది," అన్నాను. ఆమె నవ్వు అక్కడికక్కడే ఆరిపోయింది.

"టికెట్ కొనుక్కుని మరీ వచ్చారా కూపీ లాగడానికి?"

"ఊరికే వస్తే గేటు దాటనిస్తారా? మీ మామగారు పోయి వారం కాలేదు. పాటలు పెట్టి టూర్లు నడుపుతున్నారు."

"పండు మనుషుల కోసం ఆగదండీ. కోసింది పులుస్తుంది, పులిసింది ముంచాలి. మేం ఏడుస్తూ కూర్చుంటే ఆయన ఏడాది కష్టం మురుగ్గుంటలోకి పోతుంది. ఆయన ఉంటే ఆయనే తిట్టి లేపేవాడు."

"ఆ రోజు మూడుసార్లూ ఎవరు ముంచారు?"

"పొద్దున మావయ్యా, మా ఆయనా. ఆదివారం మేమంతా వచ్చినవాళ్ళతో ఉంటాం కాబట్టి మధ్యాహ్నం, సాయంత్రం మావయ్య ఒక్కరే చూసుకుంటారు. భోజనం చేసి ముంచడానికని వచ్చారు. రాత్రి అన్నానికి రాకపోతే మా ఆయన వెళ్ళి చూశారు."

"మరి సాయంత్రం ఎవరు ముంచారు?"

"ఎవరు ముంచుతారు? ఆయనే ముంచి ఉంటారనుకుని మేమెవరం ఇటు రాలేదు."

"ఎవరూ రాలేదు. మీరు, మీ ఆయన, మీ చిన్నమావగారు, ఒక్కరు కూడా?"

"ఒక్కరు కూడా." నా కళ్ళలోకి సూటిగా చూసి చెప్పింది. "రెండో బ్యాచ్ బస్సు ఎక్కేదాకా మేం ముగ్గురం గ్లాసులు అందిస్తూనే ఉన్నాం. కావాలంటే వచ్చినవాళ్ళని అడగండి. ఫోటోలు తీసుకోని క్షణం లేదు వాళ్ళు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం కాదు ఈమె. అది ఆమె మంచితనమో, ఆరితేరినతనమో నాకింకా తేలలేదు.

పెద్దాయన తమ్ముడు రుచి చూసే బల్ల వెనక ఎడమచేత్తో గ్లాసులు కడుగుతున్నాడు. కుడిచెయ్యి మెడకి కట్టి ఉంది. పందిరి మీద నుంచి పడ్డాడట, నెల కిందట. ఆ చెయ్యి కర్ర పట్టలేదు. అల్లుడు తొట్ల గది తలుపు దగ్గర అరవడం చూశానని పోలీసులకు చెప్పింది ఈయనే.

"అరవడం చూశారా, గడియ పెట్టడం చూశారా?"

"అరవడం చూశానమ్మా. గడియ పెట్టడం ఎలా చూస్తాను, వైన్ పోస్తున్నాను కదా!"

"దేనికి అరిచాడు?"

ఈయన నోట్లో నువ్వుగింజ నానదు. చుట్టూ చూసి, బల్ల మీదికి వంగాడు. "పెళ్ళాం తరఫున వకాల్తా పుచ్చుకుని వచ్చాడు. మా ఆవిడని తోటలో పని చేసుకోనివ్వండి అని. అసలు కొడుకు కన్నా కూతురికే చెయ్యి తిరిగింది. కర్ర అందని వయసులో మా అన్న పీట వేసి నిలబెట్టి నేర్పాడు. చీకట్లో నడిపించినా తొట్టి అంచు తప్పేది కాదు. పెళ్ళయ్యాక కూడా వచ్చి చేస్తానంది. మా అన్న వద్దన్నాడు. కర్ర ఇద్దరి చేతుల్లో ఉంటే తొట్టి చెడుతుంది అన్నాడు. ఆ కర్ర తీసి కోడలికిచ్చాడు."

"అమ్మాయి ఏమంది?"

"ఏమీ అనలేదు. అప్పట్నుంచి ఈ గుమ్మం తొక్కలేదు." నిట్టూర్చాడు. "మా అన్న మాట కటువు. నాకే తప్పనిపించింది. కానీ ఆయన ముందు అనే ధైర్యం ఎవరికుంది?"

నేను మళ్ళీ తొట్ల గదికి వెళ్ళేసరికి గుమ్మంలో ఒక ఖాకీ వీపు అడ్డంగా నిలబడి ఉంది. ఆ వీపు నాకు బాగా తెలుసు. ఒకప్పుడు నా దగ్గరే వేలిముద్రలకి పౌడరు చల్లడం నేర్చుకున్నాడు, ఇప్పుడు ఇన్‌స్పెక్టర్. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని ఫుల్‌స్టాప్ అనేవాళ్ళం. వాక్యం ఎక్కడున్నా సరే, చుక్క పెట్టేయాలని అతని ఆత్రం.

"టూరిస్టులు అటు వెళ్ళండి," అన్నాడు నన్ను చూసి. నేను టోపీ తీశాను. అతని ముఖం చూసి నాకు కడుపు నిండిపోయింది.

"మేడమ్! మీరా? ఈ వయసులో వైన్ టూరా?"

"నీ కేసు చూడటానికొచ్చాను నాయనా."

"చూడటానికేముంది, అయిపోయింది. ఇంట్లోవాళ్ళ సంతకాలు తీసుకుంటే రేపు పొద్దున్నే కోర్టు."

"ఆ రాత్రి తీసిన ఫోటోలు ఫోన్లో ఉన్నాయా?"

అతను చూపించక్కర్లేదు. కానీ గొప్ప చూపించుకోవడం అతని బలహీనత. "చూసి నేర్చుకోండి," అని ఫోన్ నా చేతికిచ్చాడు.

శవం, తలుపు, స్విచ్, పిడికిళ్ళు. నేను వాటిని దాటించి తొట్ల ఫోటోల దగ్గర ఆగాను. పెద్దవి చేసి చూశాను. వేలిముద్ర చూసినట్టు ఒక్కో గీతా చూశాను. ఐదు తొట్లలోనూ తొక్కలు తడిగా నిగనిగలాడుతున్నాయి. వాటి చుట్టూ ఎర్రటి నురగ. గోడకి ఆనించిన కర్ర కింద నేల మీద తడి మరక.

"ఏముంది అందులో? ద్రాక్ష తొక్కలు," అన్నాడు.

"తడి తొక్కలు. ఈ ఫోటో తీసింది రాత్రి. చివరిసారి ముంచింది ఎప్పుడన్నావు?"

"మధ్యాహ్నం పెద్దాయన ముంచాడు. తర్వాత అల్లుడు గడియ పెట్టాడు."

"మధ్యాహ్నం ముంచితే రాత్రికి ఇలా ఉండదు. కావాలంటే ఆ ఇంటి కోడల్ని పిలిచి అడుగు."

పిలిచాడు. నేను నేర్పించానని అనుకోకూడదని నన్ను గోడ పక్కన నిలబడమన్నాడు. కోడలు ఫోటో చూసింది. చూస్తూ చూస్తూ కళ్ళు పెద్దవయ్యాయి.

"ఇవి అప్పుడే ముంచినవి. ఎంత లేటన్నా పొద్దు వాలాక ముంచి ఉండాలి. నురగ కూడా చావలేదు చూడండి." ఫోన్ నావైపు చాచింది. "ఎవరు ముంచారు? మావయ్య అప్పటికే..."

ఆ రాత్రి వాళ్ళు తొట్లు చూసే స్థితిలో లేరు. శవాన్ని తీశాక పోలీసులు గదికి తాళం వేసి, మర్నాడు మధ్యాహ్నం తెరిచారు. అప్పటికి పొరలన్నీ మళ్ళీ గట్టిపడిపోయాయి. తడి సంగతి ఈ ఫోటోల్లో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

"చూశావా నాయనా," అన్నాను. "పొద్దు వాలాక ఎవరో గడియ తీసి లోపలికొచ్చారు. నేల మీద పెద్దాయన పడి ఉన్నాడు. వచ్చిన మనిషి కేక పెట్టలేదు. ఫ్యాన్ వేసి, గాలి ఆడేదాకా ఆగి, కర్ర తీసుకుని, శవాన్ని పక్కన పెట్టుకుని పొరలు ముంచి, మళ్ళీ ఫ్యాన్ కట్టేసి వెళ్ళిపోయారు. ఆ టైముకి మీ చెప్పుల కొట్టు అల్లుడు మధ్యాహ్నం బస్సు దిగి ఇంటికి చేరుంటాడు."

చంపడానికి తెగించినవాళ్ళు కూడా వైన్ చెడిపోతుంటే చూడలేకపోయారు. పట్టుబడతానన్న భయం కన్నా పొర ఎండిపోతుందన్న బాధ ఎక్కువైంది. అలాంటి తప్పు ఈ ఇంట్లో పుట్టిపెరిగిన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి చేయదు.

ఇన్‌స్పెక్టర్ వేళ్ళ మీద ఇంట్లోవాళ్ళని లెక్కపెట్టాడు. తర్వాత అతని ముఖం వెలిగింది. అది నాకు ఎప్పుడూ మంచి శకునం కాదు.

"అయితే ఇంట్లోవాళ్ళే. తమ్ముడికి చెయ్యి లేదు. మిగిలింది కొడుకూ, కోడలూ. ఏమ్మా, పద స్టేషన్‌కి."

"నేనేం చేశానండీ?" కోడలు గోడకి ఆనుకుపోయింది.

"చుక్క పెట్టడానికి అంత తొందరైతే ఎలా?" అన్నాను. "ఒక తప్పు చేశావు, పోన్లే అనుకున్నాను. దాన్ని దిద్దుకోవడానికి ఇంకోటి చేస్తావా? వీళ్ళిద్దరూ గ్లాసులు అందిస్తుంటే ఫోటోలు తీసుకున్నవాళ్ళు బస్సు నిండా ఉన్నారు. రేపు వాళ్ళంతా కోర్టుకొస్తే నీ ముఖం ఎక్కడ పెట్టుకుంటావు?"

"మీచేత నేను చెప్పించుకోవాల్సిన రోజులు పోయాయి మేడమ్."

"నిజమే. ఇప్పుడు ఊరికే చెబుతున్నాను."

అంతలో కొడుకు వచ్చాడు. నిద్ర లేక కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. పెళ్ళాం ఏడుస్తోందని వచ్చినవాడు, మమ్మల్ని వదిలేసి గోడ మూలన ఉన్న పొట్టి తలుపు తెరిచి లోపలికి దూరాడు. వెంటనే ముక్కు పగిలే వెనిగర్ వాసన బయటికొచ్చింది.

"అదేంటి?"

"పాత పనిముట్ల గదండీ. ఈ ఏడు పంట ఎక్కువొచ్చి తొట్లు చాల్లేదు. కోతల ముందు ఒక స్టీలు తొట్టి తెప్పించి ఇందులో పెట్టాం. అదే కొంపముంచింది. అన్నీ బాగున్నాయి, ఇదొక్కటే చెడిపోయింది. తొట్టిలో లోపమని కంపెనీవాడిని నోటికొచ్చినట్టు తిట్టాను."

నేను ఫోన్‌లో మిగతా ఫోటోలు జరిపాను. పోలీసు ఫోటోగ్రాఫర్ పాపం ఏదీ వదల్లేదు. పొట్టి తలుపు వెనక స్టీలు తొట్టి కూడా తీశాడు. అందులో పొర ఎత్తుగా పొంగి, ఎండి, ఎండకాలం చెరువు మట్టిలా పగుళ్ళిచ్చి ఉంది.

తొట్టిలో లోపం లేదు. ఆ సాయంత్రం ఎవరూ దాన్ని ముంచలేదు.

"ఈ తొట్టి సంగతి ఇంట్లో అందరికీ తెలుసా?"

"తెలియకపోవడమేంటండీ? కొత్తది కదా, పొద్దున్నే ముందు దీన్నే చూసేవాళ్ళం," అన్నాడు కొడుకు.

ఇంట్లో ఉండేవాళ్ళు ముంచితే ఆరూ ముంచుతారు. బయటివాళ్ళు ఒక్కటి కూడా ముంచరు. ఐదింటిని అంత పొందిగ్గా ముంచి, ఆరోది ఉందని కూడా తెలియని మనిషి ఎవరు? నా చేతులు పట్టుకుని ఏడ్చిన అమ్మాయి చేతులు గుర్తొచ్చాయి. అరచేతుల్లో కాయలు ఉన్నాయి. చెప్పుల పెట్టెలు మోసి వచ్చాయనుకున్నాను. బుద్ధి తక్కువ దాన్ని.

ఫోన్ ఇన్‌స్పెక్టర్‌కి ఇచ్చేశాను. "రేపు కోర్టు టైము దాకా ఎవరినీ ముట్టుకోకు. ఈ ఫోటోలు మాత్రం భద్రం," అన్నాను.

"ముట్టుకోను. ఇక్కణ్ణుంచి స్టేషన్‌కే పోతున్నాను. అల్లుడిని ఒక మాట అడిగి చూస్తాను. ఇంటి గుట్టు అతనికి తెలియకుండా ఉండదు."

ఆరో తొట్టి ఏం చెబుతోందో అతనికి చెప్పలేదు. చెబితే ఆ క్షణమే చుక్క పెట్టేస్తాడు. ముందు ఆ అమ్మాయి నోట వినాలనుకున్నాను. నా కేసు అది, నా క్లయింటు ఆమె. ఇంతకన్నా గొప్ప కారణమేమీ లేదు, ఉందని బుకాయించను.

బస్సు నగరం చేరేసరికి వీధి దీపాలు వెలుగుతున్నాయి. ఆ అమ్మాయి చెప్పుల కొట్టు వ్యాన్‌తో ఎదురుచూస్తోంది. ఎక్కి కూర్చున్నాను. వెనక అట్టపెట్టెలు, కొత్త రబ్బరు వాసన.

"ఏమైనా దొరికిందా మేడమ్?"

"దొరికింది. మీ ఆయన వెళ్ళిపోయాక, పొద్దు వాలే వేళ ఎవరో గదిలోకి వెళ్ళి పొరలు ముంచారు. పోలీసు ఫోటోల్లోనే ఉంది. మీ ఆయనకి అదొక్కటి చాలు."

స్టీరింగ్ మీద తల వాల్చి ఏడ్చింది. అది ఆనందమే. నా మనసు చివుక్కుమంది. అయినా అడగాల్సింది అడగకపోతే నాకు రాత్రి నిద్రపట్టదు.

"ఒక తొట్టి మాత్రం చెడిపోయిందట అమ్మా."

ఏడుపు ఆగింది. తల ఎత్తింది. "ఏది?"

"స్టీలుది. పనిముట్ల గదిలో పెట్టారు. ఈ ఏడే కొన్నారు."

వ్యాన్ స్టార్ట్ చేసింది. తర్వాత మెల్లగా, "ఈ ఏడు అంత బాగా పండిందా?" అంది. "నాకెవరూ చెప్పలేదు."

వ్యాన్ కదిలింది. తలుపుల లాక్ టక్కుమని పడింది. అది వ్యాన్ కదిలితే దానంతటదే పడేదో, ఆమె వేసిందో నాకు తెలియలేదు.

"ఐదు ముంచింది నువ్వే కదమ్మా?"

"ఈ మాట ఇన్‌స్పెక్టర్‌కి చెప్పారా?"

"ఐదు సంగతి చెప్పాను. ఆరోది చెప్పలేదు." అన్నాక నాలుక కరుచుకున్నాను.

"అయితే వాళ్ళు ఎవరిని అనుకుంటున్నారు? వదిననా?"

ఆ గొంతులో కోపం లేదు, జాలి లేదు. ఆమె లెక్క నాకు అర్థమైంది. మొగుడు బయటికొస్తాడు, కర్ర లాక్కున్న వదిన లోపలికెళ్తుంది. మధ్యలో అడ్డం నేనొక్కదాన్నే, ఈ కదిలే వ్యాన్‌లో. నాకు భయమేసింది. అది దాచుకోవడానికి సీసా తీసి నీళ్ళు తాగాను.

"ఆ రోజు రాకూడదనే అనుకున్నాను," అంది ఆమె రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా. "ఆయన ఒక్కడే వెళ్ళాడు. కొట్లో కూర్చుంటే మనసాగలేదు. రెండో బ్యాచ్‌లో టికెట్ కొన్నాను. టోపీ పెట్టుకుంటే సొంత అన్నయ్యే గ్లాసు చేతికిచ్చి 'రండి మేడమ్' అన్నాడు. నాన్న భోజనం చేసి తొట్ల గదిలోకి వెళ్ళడం చూసి వెనకే వెళ్ళాను. ఈ ఒక్కసారి నన్ను ముంచనివ్వు నాన్నా, అన్నాను. టూరిస్టులకి లోపలికి ప్రవేశం లేదమ్మా అన్నాడు. గుర్తుపట్టే అన్నాడు మేడమ్. నవ్వుతూ అన్నాడు."

"గడియ పెట్టావు."

"కాసేపు భయపడనీ అనుకున్నాను." గేరు మార్చింది. "ఫ్యాన్ కూడా నేనే ఆపాను. అది కాసేపటికి అని ఎవరికీ చెప్పలేను. ఆ గ్యాస్ ఏం చేస్తుందో నాకు నడకతో పాటే నేర్పాడు ఆయన. సాయంత్రం బస్సు ఎక్కే ముందు గడియ తియ్యడానికి వెళ్తే, పొరలు ఎండిపోతూ కనబడ్డాయి."

నా సంచిలో ఫోన్ మోగింది. ఇన్‌స్పెక్టర్. స్పీకర్ పెట్టకపోతే ఆ ట్రాఫిక్‌లో నాకేమీ వినపడదు. పెట్టాను.

"మేడమ్, మీ పొరలూ తెరలూ మడిచి దాచుకోండి. అల్లుడు ఒప్పుకున్నాడు."

"ఏమని?"

"పట్టుకున్న రోజు నుంచి నోరు మెదపనివాడు, సాయంత్రం ఎవరో ఇంటి మనిషి లోపలికెళ్ళి పొరలు ముంచారట, ఎవరయ్యా అని అడిగానో లేదో, భోరుమన్నాడు. దారిలో బస్సు దిగి వెనక్కొచ్చాడట. గడియ, ఫ్యాన్, ముంచడం, అన్నీ తనేనన్నాడు."

"కర్ర ఎలా పట్టుకోవాలో అడిగావా?"

"సంతకం ఎక్కడ పెట్టాలో అతనే అడిగాడు. నాకది చాలు. టైపు అవుతోంది." పెట్టేశాడు.

అల్లుడిని బయటికి తేవడానికని నేను దొరకబుచ్చుకున్న రుజువే అతని నోట ఆ మాట చెప్పించింది. నాకు సిగ్గేసింది.

ఆమె వ్యాన్‌ని రోడ్డు పక్కకి లాగి ఆపింది. వెనకవాళ్ళు హారన్లు కొట్టి తిట్టుకుంటూ పోతున్నారు.

"గేటు దగ్గర రెండు బస్సులూ ఎదురెదురయ్యాయి," అంది. "ఆయన కిటికీ పక్కన ఉన్నాడు. నన్ను చూశాడేమోనని రాత్రి ఇంటికొచ్చాక భయపడుతూ అడిగాను, దారిలో ఎవరైనా తెలిసినవాళ్ళు కనబడ్డారా అని. నిద్రపోయాను, ఎవరినీ చూడలేదన్నాడు. ఆయనకి బస్సులో నిద్రపట్టదు మేడమ్."

ఆమె కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకుంది. వ్యాన్ మళ్ళీ కదిలింది. మా వీధి మలుపు వచ్చింది, దాటిపోయింది. నా చెయ్యి తలుపు పిడి మీదికి వెళ్ళింది.

"ఎక్కడికమ్మా?"

"స్టేషన్‌కి. ఆయన సంతకం పెట్టాడంటే ఇక ప్రాణం పోయినా మాట మార్చడు. మొండిమనిషి." ఒక్క క్షణం నా వైపు చూసింది. "మీరు కూడా లోపలికి రావాలి. నేనొక్కదాన్నే చెబితే మొగుడి కోసం అబద్ధమాడుతోంది అంటారు. ఆరో తొట్టి సంగతి మీరే చెప్పాలి. ఆ ఇన్‌స్పెక్టర్ నమ్ముతాడా మేడమ్?"

పిడి మీద నుంచి చెయ్యి తీసేశాను.

"నమ్మిస్తాను," అన్నాను. మొగుడిని బయటికి తెమ్మనే కదా ఆమె నాకు కేసు అప్పగించింది.